ఇటుకల మీద ప్రయాణం

ఆ రోజు ఇంట్లో ఉన్నది నాయనమ్మ, అమ్మ, అక్క, నేను. అక్క కడుపులో ఉన్న బిడ్డను కూడా లెక్కలో వెయ్యాలని నాయనమ్మ పట్టుబట్టింది కాబట్టి ఐదుగురం. నాన్న మిరపకాయల లోడుతో బళ్లారి వెళ్లి, లాక్‌డౌన్ పడడంతో అక్కడే గోడౌనులో ఉండిపోయాడు. బావ హైదరాబాదులో చిక్కుకున్నాడు. వాకిట్లో మా పాత తెల్లకారు ఉంది. దాన్ని నడపడం వచ్చిన ఒకే ఒక్క మనిషి బళ్లారిలో ఉన్నాడు.

అక్క పేరు పావని. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండాయి. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందనీ, ఇంట్లో కాన్పు మాట తలపెట్టొద్దనీ, నొప్పులు మొదలవగానే టౌను ఆసుపత్రికి తీసుకురావాలనీ డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. మండలానికంతా ఉన్నది ఒక్క అంబులెన్సు. అది వస్తుందనే అన్నారు గాని ఎప్పుడు వస్తుందో అనలేదు. ఊరి పొలిమేరలో ముళ్లకంప అడ్డం వేసి, బయటివాళ్లెవరూ లోపలికి రాకుండా వంతులవారీగా కాపలా కాస్తున్నారు.

ఆ పొద్దున పంచాయతీ మైకులో కొత్త నిబంధన చదివారు.

"ఒక గృహమునకు చెందిన వాహనమును ఆ గృహమునకు చెందిన వ్యక్తులు మాత్రమే నడుపవలెను. పరగృహ వ్యక్తి ఆ వాహనమున ఆసీనుడగుట వైరస్‌ను స్వయముగా బొట్టుపెట్టి పిలుచుటయే."

చదివింది మా ఊరి కోవిడ్ కట్టడి కమిటీ అధ్యక్షులు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు చెంచురామయ్య గారు. మా బడిలో నాకు చదువు చెప్పింది ఆయనే. మామూలు తెలుగు ఆయనకు రాదని కాదు. కమిటీ పెట్టాక దాన్ని మానేశారు.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "ఊళ్లో డ్రైవింగొచ్చినోళ్లు బోలెడుమంది ఉండారు. ఒక్కడు గూడా మన బండెక్కగూడదంట. ఇప్పుడేం జేద్దాం?"

"నేను నేర్చుకుంటా," అంది నాయనమ్మ.

నాయనమ్మ కళ్లలో శుక్లాలు. ఎదురుగా వచ్చేది గేదో, వియ్యంకుడో దగ్గరికి వచ్చేదాకా తెలియదు.

"నువ్వు తోలితే ఆస్పత్రికి గాదు, అంతకంటే దూరం పోతాం," అంది అక్క.

దారిలో అక్కను పట్టుకుని కూర్చోవలసింది అమ్మ. అలా ఒక్కొక్కరే తప్పుకోగా మిగిలినదాని వైపు అందరూ చూశారు. ఆ మిగిలినదాన్ని నేను.

నా సంగతి కొంచెం చెప్పాలి. బస్సులో కండక్టరుతో "ఆపండి" అనలేక పక్క ఊరిదాకా పోయి, దిగి, వెనక్కి నడిచి వచ్చిన మనిషిని నేను. అదీ ఒకసారి కాదు. పక్క ఊరివాళ్లు నన్ను తమ ఊరి పిల్లే అనుకుని పలకరించేవాళ్లు. కాదని చెప్పడానికి మొహమాటపడి వాళ్ల ఊరి కబుర్లు కూడా వినేదాన్ని. నోటితో అనలేనివన్నీ డైరీలో రాసుకోవడం అలవాటు. డైరీలో నేను చాలా గట్టిగా మాట్లాడతాను. ఆ ఏడాది మొదట్లో పద్దెనిమిది నిండగానే నాన్న నాకు ఎల్.ఎల్.ఆర్. తీయించాడు. ఆ కాగితం మీది ఫొటోలో కూడా నేను తల దించుకునే ఉన్నాను.

కమిటీ బడి వరండాలో కూర్చునేది. విన్నపాలు చేసుకునేవాళ్లు నిలబడడానికి కింద ముగ్గుపిండితో గుండ్రాలు గీశారు. అమ్మ ఒక గుండ్రంలో, నేను ఒక గుండ్రంలో నిలబడ్డాం.

"విజ్ఞప్తి ఏమిటో విశదీకరించుము, ప్రసూనా," అన్నారు చెంచురామయ్య గారు.

"కారు..." అన్నాను. తర్వాతి మాట రాలేదు.

"కారును విజ్ఞప్తిగా స్వీకరింపజాలము."

"కారు నేర్చుకుంటదంట మాస్టారూ," అంది అమ్మ. "పావనికి నెలలు నిండినయి. పిల్ల ఎదురుకాళ్లతో ఉండాది."

చెంచురామయ్య గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. ఆయన అలా కళ్లు మూసుకుంటే బడిలో మేమంతా లెక్కలు చూసి రాసుకునేవాళ్లం.

"ఎల్.ఎల్.ఆర్. గల వ్యక్తి పక్కన లైసెన్సు గల వ్యక్తి ఉండవలెనని రవాణా చట్టము. పరగృహ వ్యక్తి వాహనమున కూర్చొనరాదని మన నిబంధన. చట్టమును మన్నింపవలెనా, నిబంధనను మన్నింపవలెనా?" కళ్లు తెరిచారు. "రెండింటినీ మన్నింతుము. శిక్షకుడు పక్కననే ఉండును. కాని వాహనము వెలుపల, ఆరడుగుల దూరమున ఉండును."

శిక్షకుడిగా మాలకొండయ్య బాబాయిని నియమించారు. ఆయనకు ట్రాక్టరు ఉంది. కమిటీలో రవాణా సభ్యుడు.

"నేను పక్కన నడవాలన్న మాట," అన్నాడు మాలకొండయ్య బాబాయి. "మరి కారు నాకంటే ముందుకు పోతే ఎట్టా మాస్టారూ?"

"పోరాదు. వాహన వేగము శిక్షకుని నడకను మించరాదు."

"నా మోకాలు వాచుండాది."

"అయినచో మోకాలిని మించరాదు," అన్నారు చెంచురామయ్య గారు, తీర్మానం రాసుకోమని సైగ చేస్తూ.

మర్నాడు మొదటి పాఠం. బండి మొదటిసారి ఒకరి చేతిలోకి వచ్చినప్పుడు నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి. నాయనమ్మ తెల్లవారకముందే లేచి తడుముకుంటూ చెట్టు నుంచి కాయలు కోసి, టైర్ల కింద పెట్టి, కారుకు పసుపూ కుంకుమా అద్దింది. అద్దంమీద కూడా అద్దింది. దాంతో ఆ రోజు నాకు ఊరంతా శుభకార్యంలా కనిపించింది.

మాలకొండయ్య బాబాయి ఒక వెదురుకర్ర తెచ్చాడు. దాని ఒక కొన కారు తలుపుకు, రెండో కొన తన పొట్టకు ఆనించి నిలబడ్డాడు. అది ఆరడుగుల కర్ర. మెడలో ఈల. మాస్కు తీయకూడదు గనక ఈలను మాస్కు లోపలే పెట్టుకుని ఊదేవాడు. అది అచ్చం దగ్గులా వినిపించేది. మొదటి ఈల ఊదగానే గోడ మీదుగా చూస్తున్న వాళ్లంతా ఇళ్లలోకి పరుగెత్తి తలుపులు వేసుకున్నారు.

"ముందు నాగలి పైకి లేపు," అన్నాడు బాబాయి. ఆయనకు ట్రాక్టరు తప్ప ఇంకేదీ తెలియదు.

కారుకు నాగలి ఉండదు బాబాయ్ అనాలి. అనలేదు. లేని నాగలిని చేత్తో పైకి లేపినట్టు లేపాను.

"ఆ, అట్ట. ఇప్పుడు ట్రాలీ తగులుకునుందేమో ఎనక్కి జూడు."

వెనక్కి తిరిగి లేని ట్రాలీని చూశాను. క్లచ్ తొక్కి గేరు వేయబోతుంటే చెంచురామయ్య గారు చెయ్యెత్తి పట్టుకుని వచ్చారు.

"ఆగుము. మండలము నుండి సందేశము వచ్చినది. అత్యవసరము కాని వాహన సంచారము నిషిద్ధము. ఆసుపత్రికి పోవుట అత్యవసరము. నేర్చుకొనుట అత్యవసరము కాదు."

"నేర్చుకోకుండా ఆస్పత్రికెట్టా పోతది మాస్టారూ?" అంది అమ్మ.

"నేర్చుకొనవలదని ఎవరన్నారు? నేర్చుకొనవచ్చును. సంచరించరాదు."

పొరపాటున కూడా సంచరించకుండా ఉండడానికి కారును జాకీతో లేపి, నాలుగువైపులా ఇటుకలు పేర్చి, వాటి మీద నిలబెట్టారు. చక్రాలు నేలకు బెత్తెడు ఎత్తులో వేలాడాయి. వాటి కింద నిమ్మకాయలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

నాయనమ్మ ఒప్పుకోలేదు. "నిమ్మకాయ నలక్కుండా బండెక్కితే అరిష్టం చెంచురామయ్యా. కడుపుతో ఉన్న పిల్ల ఎక్కాల్సిన బండి."

ఆచారాన్ని కూడా కమిటీ మన్నించింది. చక్రాలకు బదులుగా రోకలితో నలపవచ్చునని తీర్మానించారు. అమ్మ రోకలి తెచ్చింది. వార్డు మెంబరు సాక్షిగా నాలుగు నిమ్మకాయలనూ, ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి అని పైకి చెబుతూ నలిపారు. కుడి వెనక చక్రం తాలూకు కాయ ఎగిరి మాస్టారి పంచెకు తగిలింది. అదే ఆ శిక్షణలో జరిగిన మొదటి ప్రమాదం. దాన్ని నమోదు చేయలేదు.

అలా నేను కదలకుండా కారు నడపడం నేర్చుకోసాగాను. మొదట్లో ఇంజను వేసేవాళ్లం. ముందు చక్రాలు గాలిలో గిరగిర తిరిగేవి. వాకిట్లోంచి అడుగు కదలకపోయినా మీటరు మాత్రం తిరుగుతూనే ఉండేది. ఆ లెక్కన నేను బళ్లారి పోయి నాన్నను చూసి వచ్చి ఉండాలి. ఆసుపత్రికి పోవాల్సిన పెట్రోలు వాకిట్లోనే అయిపోతోందని అమ్మ గొడవ చేశాక, ఇంజను ఆపేసి ఆ చప్పుడు నోటితో చెయ్యమన్నారు. ఊరందరి ముందూ నోటితో బుర్రుమనడం నావల్ల అయ్యే పని కాదు. పెదాలు కదిపేదాన్ని గాని శబ్దం వచ్చేది కాదు.

"ఇంజనాగిపోయింది, మళ్లీ స్టార్ట్ చెయ్యి," అనేవాడు మాలకొండయ్య బాబాయి. నేను మళ్లీ తాళం తిప్పినట్టు చేసేదాన్ని.

వారం తిరిగేసరికి చెంచురామయ్య గారికి ఒక లోపం తట్టింది. "ఈమె రహదారిని చూడలేదు. వాహనము రహదారికి పోరాదు గనుక రహదారియే వాహనము కడకు రావలెను."

అప్పటినుంచి రోడ్డు మా వాకిట్లోకి రావడం మొదలైంది. ముందు గొర్రెల మంద వచ్చింది. కాపరి వాటిని నేరుగా కారు మీదికి తోలేవాడు. నేను బ్రేకు తొక్కేదాన్ని. అవి ఆగేవి. నేను బ్రేకు తొక్కినందుకు కాదు, కారు అడ్డం ఉన్నందుకు ఆగేవి. అయినా జనం మెచ్చుకునేవాళ్లు. తర్వాత ఎద్దులబండి వచ్చింది. తర్వాత గేదెలు. వార్డు మెంబరు అట్టముక్కల మీద మైలురాళ్లు రాసి, ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని నా పక్కనుంచి వెనక్కి నడిచేవాడు. ఇద్దరు మనుషులు రెండు వేపకొమ్మలు పట్టుకుని అటొకరు ఇటొకరు పోతుంటే, వాటిని రోడ్డు పక్క చెట్లు అనుకోమన్నారు. అనుకున్నాను. మొహమాటస్తులకు ఏదైనా అనుకోవడం తేలిక.

పనుల్లేని ఊరు. టీవీలో పాత సీరియళ్లే మళ్లీ వేస్తున్నారు. రోజూ నన్ను చూడడానికి జనం గుండ్రాల్లో నిలబడేవాళ్లు.

"ఎడమ లైటు బాగా ఏస్తది ఈ పిల్ల," అనేది ఒకామె.

"కుడి లైటేసేటప్పుడే కాస్త సిగ్గుపడతది," అనేది ఇంకొకామె.

నేను తలొంచుకుని స్టీరింగు చూసుకునేదాన్ని. తలొంచుకుంటే రోడ్డెట్టా కనపడతదని ఎవరూ అడగలేదు. రోడ్డుకే నేను కనపడుతున్నాను కదా అనుకుని ఉంటారు.

అరుగు మీద కూర్చున్న అక్క మాత్రం కడుపు నిమురుకుంటూ నా మొహంకేసి చూసేది. "మే ప్రసూనా. నువ్వు నిజంగా తోలగలవా?" అంది ఒక సాయంత్రం. ఎగతాళి లేదు ఆ గొంతులో. ఆ రోజు డైరీలో "తోలగలను" అని రాసి, అబద్ధం రాయకూడదని కొట్టేశాను.

ప్రత్యేకాధికారి దివాకరం గారు వచ్చింది ఆ తర్వాతే. ఆయనకు ఎక్కడికైనా పోవడానికి పాసు ఉంది. మొహానికి అద్దపు ముసుగు, చేతులకు తొడుగులు. జీపు దిగి, ఇటుకల మీద ఉన్న కారును చుట్టూ తిరిగి చూశారు.

"ఎన్నాళ్లుగా సాగుతోంది ఈ శిక్షణ?"

"పక్షము దాటినది. ఇంతవరకు ఒక్క ప్రమాదమునూ సంభవించలేదు," అన్నారు చెంచురామయ్య గారు, పంచె సర్దుకుంటూ.

"అద్భుతం. ఇది శూన్య ప్రమాద నమూనా. కాలుష్యం లేదు, ఇంధన వ్యయం లేదు, భౌతిక దూరం సంపూర్ణం. జిల్లా మొత్తానికి ఆదర్శంగా ప్రతిపాదిస్తాను. ఇప్పుడు నా సమక్షంలో పూర్తిస్థాయి సన్నాహక తరలింపు జరగాలి. గర్భిణిని ఎక్కించండి."

అక్కను వెనకసీట్లో ఎక్కించారు. పక్కన అమ్మ. దివాకరం గారు చేతిరుమాలు ఊపారు. నేను నాగలి లేపి, ట్రాలీ చూసుకుని, క్లచ్ తొక్కి, గేరు వేశాను. గొర్రెలు వచ్చాయి, బ్రేకు తొక్కాను. వేపకొమ్మలు వెనక్కి పోయాయి. మైలురాళ్లు పోయాయి. చివర్న వార్డు మెంబరు 'ఆసుపత్రి' అని రాసిన అట్ట పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. ఆపాను.

"చేరుకున్నావా?" అన్నారు దివాకరం గారు.

నేను అద్దంలోంచి చూశాను. మా అరుగు, మా తులసికోట, మా నాయనమ్మ. అయినా అంత పెద్దాయన చేరుకున్నావా అని అడిగితే, లేదండీ మా వాకిట్లోనే ఉన్నాను అనడానికి నాకు నోరు ఎక్కడిది?

"చేరుకున్నాను సార్."

"మార్గమధ్యంలో ఇబ్బందులు?"

"లేవు సార్."

"గర్భిణిని సురక్షితంగా దింపారా?"

వెనక నుంచి అక్క నా జడ పట్టి లాగింది. నేను తలూపాను.

దివాకరం గారు ఫోను తీసి, యాప్ తెరిచి, అక్క పేరూ అమ్మ పేరూ నా పేరూ కొట్టి, తరలింపు విజయవంతం అన్నచోట నొక్కారు. జనం చప్పట్లు కొట్టారు. కొందరు కంచాలు కూడా తెచ్చి వాయించారు. నా జన్మలో నాకోసం ఎవరైనా కంచం వాయించడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే మా వీధి తలుపు మీద ఎర్ర కాగితం అంటించి, గుమ్మానికి అడ్డంగా రెండు వెదుళ్లు కట్టేశారు.

"ఏంది మాస్టారూ ఇది?" అంది అమ్మ లోపలినుంచి.

"ఈ గృహము నుండి ముగ్గురు వ్యక్తులు నిన్న టౌనుకు ప్రయాణించి ఉన్నారు. టౌను రెడ్ జోను. కావున గృహ నిర్బంధము."

"మేం యాడికి బోయినం? కారు ఇటుకల మీదనే ఉండాది గదా. మీరే జూస్తిరి."

"నేను చూచినది నా వ్యక్తిగత అనుభవము. యాప్‌లో ఉన్నది ప్రభుత్వ సత్యము," అన్నారు చెంచురామయ్య గారు. ఆయన గొంతులో కూడా కాస్త బాధ ఉంది. కానీ ఆయన దాన్ని కూడా వ్యక్తిగత అనుభవం కిందే జమ కట్టుకున్నట్టున్నారు.

"నోరు తెరిచి లేదండీ అని ఒక్క మాటంటే సరిపోయేది," అంది అక్క నాతో. "నీ సిగ్గు పాడుగాను."

నిజమే. ఇటుకల మీద కారును టౌనుదాకా నడిపింది నా సిగ్గే.

అక్కకు నొప్పులు మొదలైంది ఒక మిట్టమధ్యాహ్నం. మొదట నడుం అంది. తర్వాత గోడ పట్టుకుని నిలబడి పళ్లు బిగించింది. నాయనమ్మ చెయ్యివేసి చూసి, "ఇంక ఆలీసం చెయ్యబాకండి," అంది. అమ్మ అంబులెన్సుకు ఫోను చేసింది. అవతలి అమ్మాయి పేరు అడిగి, ఆగి, "ఆవిడ్ని ఇప్పటికే ఆసుపత్రికి చేర్చినట్టు చూపిస్తోందండీ. కేసు క్లోజయింది," అంది.

అమ్మ కిటికీలోంచి అరిచింది. చెంచురామయ్య గారు, మాలకొండయ్య బాబాయి, వార్డు మెంబరు వచ్చి మా గుమ్మం ముందు గుండ్రాల్లో నిలబడ్డారు.

"ఎదుళ్లు తీయండి మాస్టారూ. పిల్ల సచ్చిపోతది."

"ఒక గర్భిణికి ఒక తరలింపునకే అనుమతి. అది వినియోగింపబడినది," అన్నారు చెంచురామయ్య గారు. నుదుటిమీద చెమట తుడుచుకున్నారు. "దానిని రద్దు చేయుటకు దివాకరం గారి పాస్‌వర్డు కావలెను. ఆయన ఫోను ఎత్తుట లేదు. నేను ప్రయత్నించుచునే ఉన్నాను తల్లీ. పైగా నిర్బంధములో ఉన్నవారిని కదల్చినచో..."

లోపల అక్క మూలిగింది. ఆ మూలుగు నేను అంతకుముందు ఎప్పుడూ విననిది. నేను కిటికీ దగ్గరికి పోయి అమ్మను పక్కకు జరిపాను. ఏం చెప్పాలో నాకే తెలియదు. ఊచలు పట్టుకున్నాను.

"మాస్టారూ," అన్నాను. "మేం టౌనులోనే ఉన్నాం."

"ఏమంటివి?"

"ఆ రోజు మమ్మల్ని ఆసుపత్రికి పంపించారు. తిరిగి రప్పించలేదు. పోవడం నొక్కారు గాని రావడం ఎవరూ నొక్కలేదు. యాప్ ప్రకారం నేనూ అమ్మా అక్కా ఇంకా టౌనులోనే ఉన్నాం."

మాట ఆగలేదు. డైరీలోలాగే వస్తోంది.

"మరి ఇక్కడున్న మేం ఎవరం మాస్టారూ? రెడ్ జోను నుంచి చెప్పాపెట్టకుండా ఊళ్లోకి జొరబడ్డవాళ్లం. మాకు నిర్బంధం ఎట్టా వేస్తారు? ఊరి మనుషులకైతే నిర్బంధం. బయటివాళ్లు ఊళ్లో ఉండనే కూడదని పొలిమేరలో ముళ్లకంప వేయించింది మీరే."

చెంచురామయ్య గారు కళ్లు మూసుకున్నారు. ఈసారి ఎక్కువసేపు మూసుకోలేదు.

"ఉండరాదు," అన్నారు. "ముగ్గురు బయటి వ్యక్తులు కమిటీ కన్నుగప్పి గ్రామమున ప్రవేశించి ఉన్నారు. తక్షణము బహిష్కరింపవలెను."

"వాళ్లని మనం ముట్టుకోగూడదు," అన్నాడు మాలకొండయ్య బాబాయి అందుకుని. "వాళ్ల బండిలో వాళ్లే పోవాల. వాళ్లలోనే ఎవరో ఒకరు తోలాల."

"నిస్సందేహముగా. మన బాధ్యత దారి చూపుట వరకే."

ఆ తర్వాత మా ఊరు అంత చురుగ్గా పనిచేయడం నేను ఎన్నడూ చూడలేదు. సాయం చేయాలంటే ఎన్నో తీర్మానాలు కావాలి. వెళ్లగొట్టాలంటే ఒక్కటి చాలు. వెదుళ్లు ఊడదీశారు. జాకీ తెచ్చి ఇటుకలు లాగేశారు. పొలిమేరలో ముళ్లకంప తీయమని మైకులో చెప్పారు. దివాకరం గారు వచ్చిన రోజు నాయనమ్మ కారెక్కలేదు గనక ఆమె ఊరి మనిషే. బయటివాళ్లమైన మాకు ఆరడుగుల దూరంలో నిలబడి, గాలిలోనే అక్క తల నిమిరింది.

కారెక్కబోతుంటే చెంచురామయ్య గారు మెల్లగా, మామూలు తెలుగులో అన్నారు. "బళ్లో ఒక్కనాడన్నా ఇట్టా నోరు తెరిచుంటే బాగుండేదిగదే."

నేను తాళం తిప్పాను. క్లచ్ వదిలాను. కారు కదిలింది. అది నాకు చాలా తప్పుగా తోచింది. ఇన్నాళ్ల శిక్షణలో ఎప్పుడూ జరగనిది ఇదొక్కటే. భయపడి బ్రేకు తొక్కితే ఇంజను ఆగిపోయింది.

"ఇంజనాగిపోయింది, మళ్లీ స్టార్ట్ చెయ్యి," అన్నాడు మాలకొండయ్య బాబాయి. మొదటిసారి ఆయన చెప్పింది కారుకు సరిపోయింది.

మళ్లీ తాళం తిప్పాను. బాబాయి మాస్కు లోపలినుంచి దగ్గులాంటి ఈల ఊదుతూ కారు పక్కన కుంటుతూ పరుగెత్తాడు. చావిడి దాటాక ఆయన మోకాలు ఆగిపోయింది. కారు ఆగలేదు.

ముళ్లకంప దాటగానే గొర్రెల మంద ఎదురైంది. మా కారు కనపడగానే అవి అలవాటు చొప్పున నేరుగా మీదికి నడిచొచ్చాయి. ఇది నాకు తెలిసిన పాఠం. బ్రేకు తొక్కాను. అవి పక్కకు పోయేదాకా ఆగి, మళ్లీ క్లచ్ వదిలాను. ఆ తర్వాత రోడ్డు ఖాళీ. రెండువైపులా వేపచెట్లు నా మీదికి వస్తున్నాయి. నేను ఆగే ఉన్నాననీ, వాటిని ఎవరో మోసుకొస్తున్నారనీ అనుకున్నాను. దాంతో స్టీరింగు నిలకడగా పట్టుకోగలిగాను.

"రెండో గేరెయ్యవే," అంది అక్క పంటి బిగువున.

"ఉండమ్మే, దాన్ని కంగారుపెట్టబాక," అంది అమ్మ.

"నేనిక్కడ బిడ్డని కంటుంటే అది కంగారుపడతదా?"

రెండో గేరు వేశాను. కొంతదూరం పోయాక, ఎవరూ చెప్పకుండానే, మూడోది వేశాను. టౌను మొదట్లో పోలీసులు బారికేడు దగ్గర చెయ్యెత్తారు. నేను అద్దం దించి ఏదో చెప్పబోయేలోపు వెనకసీట్లోంచి అక్క అరిచిన అరుపుకు కానిస్టేబులు బారికేడును తనే పక్కకు లాగేశాడు.

ఆసుపత్రి గేటు లోపల కానుగచెట్టుకు ఆనించి కారు ఆపాను. ఆనించాను అని నేనంటున్నాను. అక్క వేరే మాట అంది. ముందు లైటు పగిలింది.

నర్సులు ఇద్దరు స్ట్రెచరు తెచ్చారు. పెద్దావిడ అక్క కడుపు మీద చెయ్యివేసి చూసి, "ఎదురుకాళ్లా? ఈ మాత్రమన్నా ముందొచ్చారు, నయం. డాక్టరమ్మ లోపలే ఉంది," అంది. అక్కను నెట్టుకుపోతుంటే అక్క చెయ్యి చాపి నా జడ కోసం వెతికింది. అందలేదు. అమ్మ వెనకే పరుగెత్తింది. పాత చీరలూ పొత్తిగుడ్డలూ ఉన్న మూట కారులోనే ఉండిపోయిందని గుర్తొచ్చి, అది పట్టుకుని నేనూ పరుగెత్తాను.

కాన్పుల వార్డు గుమ్మంలో పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"తోడు ఒక్కరేనమ్మా. వాళ్లమ్మ లోపలికి పోయింది. నువ్వెవరు?"

చెల్లెల్ని అంటే ఏమయ్యేదో తెలియదు. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇంకో మాట.

"డ్రైవర్ని."

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. గేటు దగ్గర చెట్టుకు ఆనుకుని ఉన్న కారును చూసింది. మళ్లీ నన్ను చూసింది. నేను తల దించలేదు.

"డ్రైవర్లు లోపలికి రాకూడదు," అని నా చేతిలోని మూట అందుకుని, తలుపు వేసేసింది.